పొయ్యి వెలిగించని ఆదివారం

మొన్న సాయంత్రం మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, చాయ కూడా పెట్టుకోకుండా నేరుగా స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టింది. ఏం వెతుకుతున్నావమ్మా అన్నాను. పాత దుప్పట్ల మూట కింద నుంచి తోలు డబ్బాలో ఉన్న దుర్భిణీని బయటికి లాగి, దుమ్ము దులిపి నా ఒళ్లో పెట్టి, నా మొహం వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరుకు చెప్తున్నట్టు అంది: "అత్తమ్మా, ఆదివారం ఖాళీగనే ఉంటరు గద. చలికాలంల గండిపేటకు దూరదేశం పిట్టలు వస్తయట. పోయి చూసొద్దాం."

నాకు అనుమానం వచ్చింది. రాక ఎట్లా ఉంటుంది? మా అబ్బాయి పోయిన తరువాత పుట్టింటికి వెళ్లకుండా, నన్ను విడిచిపెట్టకుండా, ఈ నాంపల్లి ఫ్లాటులో నాతోనే ఉండిపోయి, పొద్దున్నే లేచి నాకింత వండిపెట్టి ఆబిడ్స్‌లో ఉన్న ఆఫీసుకు వెళ్లి వచ్చే ఈ పిల్ల, ఇన్నేళ్లలో ఒక్క పిచ్చుకను తలెత్తి చూసిన పాపాన పోలేదు. బాల్కనీలో పావురాలు వాలితే చీపురు పట్టుకుని తరుముతుంది. అట్లాంటి మనిషికి ఉన్నట్టుండి దూరదేశపు పక్షుల మీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చినట్టు? ఎట్లా పోతామంటే బండి ఉంటదంది. ఎవరి బండి అని నేను అడిగేలోగా కుక్కర్ పెట్టాలంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ కంగారులో బియ్యం వెయ్యడం మరిచిపోయి ఉత్త నీళ్లకే కూత వేయించింది.

నాది పుట్టు అనుమానమని మీకు ముందే చెప్పెయ్యడం మంచిది. పాలాయన నవ్వుతూ పలకరిస్తే ఈ పూట నీళ్లు ఎక్కువ పోశాడనుకుంటాను. బేగంబజార్‌లో సేటు కొసరుగా నాలుగు యాలకులు వేస్తే, ఇంటికి రాగానే ముందు వాటినే చిదిమి చూస్తాను. మావారు బతికున్న రోజుల్లో, యముడు వచ్చి నిలబడ్డా నువ్వు కార్డు చూపించమంటావు అని ఏడిపించేవారు. అనుమానం పెనుభూతం అంటారు గాని, ఆ భూతమే ఈ పట్నంలో నన్ను ఇన్నాళ్లూ మోసపోకుండా కాపాడుకుంటూ వచ్చిందని నా నమ్మకం. ఒక్కసారి మాత్రం అది నన్ను పూర్తిగా తప్పుదారి పట్టించింది. అదీ ఈ గండిపేట పక్షుల విషయంలోనే.

ఎందుకంటే కోడలు అన్న ఆ మాటలు, ఇంచుమించు అట్లాగే, చలికాలంల అన్న మాటతో సహా, నేను నా పెళ్లికి ముందు మా మేనత్త నోట విన్నాను.

అప్పట్లో మేం నాంపల్లి స్టేషను వెనక ఒక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ఊహ తెలియక ముందే నాకు తల్లి పోయింది. మా బాపు చెల్లెలు, అంటే మా మేనత్త, పెళ్లయిన కొద్ది కాలానికే భర్తను పోగొట్టుకుని అన్న ఇంటికి చేరింది. చేరిన నాటినుంచి తనకంటూ ఒక బతుకుండాలన్న సంగతే మరిచిపోయి నాకు జడలు వెయ్యడం, నాకు జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోవడం, నా పలక మీద అక్షరాలు దిద్దించడం తన పని చేసుకుంది. మధ్యలో తనూ చదువుకుని నాంపల్లిలోనే ఒక ఆడపిల్లల బడిలో టీచరయింది. నేను పెద్దదాన్నయి ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరినా, పొద్దున నా డబ్బాలో చపాతీలు సర్దింది తనే. ఆ రోజుల ఆబిడ్స్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆదివారం వస్తే దుకాణాలన్నీ షట్టర్లు దించుకునేవి, ఆ షట్టర్ల ముందర ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుచుకునేవి, కొననివాళ్లు కూడా వంగి వంగి చూసి నడుము పట్టుకుని లేచేవాళ్లు. ఈ పాత పుస్తకాల సంగతి ఊరికే చెప్పడం లేదు, ముందుముందు పనికొస్తుంది.

ఆ ఏడాది వానాకాలంలో నాకు ఒక పెళ్లిచూపులు జరిగాయి. వచ్చినవాళ్లు నన్ను నడిపించి చూశారు, పేపరు చదివించారు, నా జడ సవరమో సొంతమో తేల్చుకోవడానికి పిల్లవాడి తల్లి దాన్ని పట్టుకుని ఒక గుంజు గుంజింది. నేను ఊరుకోలేదు, మీ పిల్లగాని నెత్తి వెంట్రుకలు కూడా గుంజి చూస్తా, రమ్మనండి అన్నాను. పెట్టిన మైసూర్‌పాకులన్నీ తిని వెళ్లి, పిల్లకు మాట దురుసు అని కబురు పంపారు. ఆ రోజే ఇంట్లో అందరికీ వినబడేట్టు చెప్పాను, ఇంకోసారి నన్ను ఎవరి ముందరైనా కూసోబెట్టిన్రంటే స్టేషన్ల ఏ రైలుంటే ఆ రైలెక్కి పోతానని. స్టేషను మా ఇంటి వెనకే కాబట్టి ఆ బెదిరింపుకు కొంచెం విలువ ఉండేది. బాపు చాలాకాలం పెళ్లి మాట ఎత్తలేదు.

అందుకే, చలి మొదలయ్యాక మేనత్త ఒక రాత్రి అన్నం తినేటప్పుడు గండిపేట పక్షుల మాట తేగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎన్నడూ లేనిది ఇదేంది అంటే, "ఏం లేదే, ఊకెనే" అంది. ఊకెనే అన్న మాటంత అబద్ధం ఇంకోటి ఉండదు. నన్ను కూర్చోబెడితే రైలెక్కుతానన్నాను కాబట్టి, కూర్చోబెట్టకుండా నిలబెట్టి చూపించే ఉపాయం కనిపెట్టారనుకున్నాను. చెరువు కట్ట మీద నేను పక్షుల్ని చూస్తుంటే, ఇంకెవరో నన్ను చూస్తారన్నమాట. సరే, రానీ, వచ్చినవాడి సంగతి అక్కడే తేలుస్తానని పళ్లు నూరుకుని సరేనన్నాను.

ఆదివారం తెల్లవారింది. ఎంత తొందరున్నా పులిహోరో, చపాతీలో కట్టుకోనిదే గడప దాటని మా మేనత్త ఆ పొద్దు పొయ్యే వెలిగించలేదు. స్టవ్‌లో కిరసనాయిలు అయిపోయింది అంది. ఆమె అటు తిరగగానే నేను స్టవ్ ఎత్తి ఊపి చూశాను. గలగలమని నిండుగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పింది? బాపు ఆదివారం పూట గడ్డం గీసుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని మమ్మల్ని సాగనంపడానికి గల్లీ మొగదాకా వచ్చాడు. "జర మంచిగ మాట్లాడు బిడ్డా, ఊకె మీద పడకు" అన్నాడు. పిట్టల్ని చూడడానికి పోతుంటే మంచిగా మాట్లాడేది ఎవరితో? కొంగతోనా? ఇక మేనత్త సంగతి చెప్పనక్కర్లేదు. ఎప్పుడూ కట్టే వెలిసిన గంజి చీర విడిచి నీలం రంగు నేత చీర కట్టింది, అద్దం ముందుకు వెళ్లి వచ్చి మళ్లీ వెళ్లింది. నన్ను మాత్రం ఇది కట్టుకో, అది పెట్టుకో అని ఒక్క మాట అనలేదు. ఆఫీసు చీర, రంగు వెలిసిన స్వెటరు, అట్లాగే బయల్దేరాను. నన్ను ముస్తాబు చెయ్యకపోవడం కూడా వాళ్ల ఎత్తేనని, నాకు అనుమానం రాకుండా ఉండడానికేనని లెక్క కట్టాను చూడండి, అంత తెలివి నాది.

రిక్షాలో మొజంజాహీ మార్కెట్, ఉస్మాన్‌గంజ్ మీదుగా అఫ్జల్‌గంజ్ చేరి గండిపేట బస్సు కోసం నిలబడ్డామో లేదో, జనంలోంచి ఒకాయన మెడలో దుర్భిణీ వేసుకుని, చంకన ఒక పాత పుస్తకం, చేతిలో ఫ్లాస్కు, భుజానికి సంచీతో ప్రత్యక్షమయ్యాడు. మా మేనత్తను చూసి, అరె టీచరమ్మా, మీరు కూడా అటేనా అన్నాడు. ఆమె కూడా, ఔ, మీరు కూడానా అంది. ఇద్దరూ ముందే వల్లెవేసుకున్న మాటలని చంటిపిల్లకు కూడా తెలిసిపోతుంది. ఆయన ఆబిడ్స్‌లో కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తాడని, తన జోడు ఆయనే చేసిచ్చాడని మేనత్త నాకు చెప్పింది. నేను ఆయన్ను కిందికీ మీదికీ చూశాను. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. వయసు మా బాపుకు అటూ ఇటూగా ఉంటుంది. నా కడుపు రగిలిపోయింది. దొరకక దొరకక ఈ ముసలాయన్ను పట్టుకొచ్చారా నాకోసం అని బస్సు ఎక్కినప్పటినుంచి దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాను. ఆయన మా వెనక సీట్లో కూర్చుని దారిపొడుగునా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు.

చెరువు మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, అంత అందంగా నేను మళ్లీ చూడలేదు. మంచు ఇంకా విడవలేదు. నీళ్ల మీద పొగలాగా లేస్తుంటే ఆ పొగలోంచి బాతులు గుంపులు గుంపులుగా తేలుతూ వచ్చేవి. కొన్ని చిన్నవి, కొన్ని ఇంత లావువి, తెల్లటి తలల మీద నల్ల చారలున్నవి. కట్ట మీద చలిగాలికి మా చెవులు మొద్దుబారాయి. ఆయన దుర్భిణీ తీసి ముందు నాకే ఇచ్చాడు, మేనత్తకు కాదు. అదిగో, మొదలయిందనుకున్నాను. ఏ పక్షులండీ ఇవి అని పరీక్ష పెట్టినట్టు అడిగాను. ఆయన చంకలో పుస్తకం తీసి ముందుకీ వెనక్కీ తిప్పి, మొహం చిన్నబుచ్చుకుని, "ఇవి నా పుస్తకంల లేవమ్మా. బాతుల పేజీలు ఎవరో చింపుకున్నరు" అన్నాడు.

విన్నారా? ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకమట. కొంగలున్నాయి, నీటికాకులున్నాయి, లకుముకిపిట్టలున్నాయి, బాతులున్న పేజీలు మాత్రం లేవు. చెరువు నిండా చూస్తే అన్నీ బాతులే. ఎప్పుడన్నా ఒక కొంగ ఎగిరితే చాలు, ఆయన ప్రాణం లేచి వచ్చినట్టు "కొంగ! కొంగ!" అనేవాడు, కొంగను మేం నాంపల్లి మురికికాలువ దగ్గర కూడా చూస్తామని నేను అనేదాకా. పక్షులు తెలియని పక్షుల ప్రేమికుడు! ఇంకేం కావాలి నాకు రుజువు? వీళ్లు నా చెవిలో పువ్వు పెట్టడానికి వచ్చారని రూఢి అయిపోయింది.

ఇక్కడ మా ఇళ్లలోని ఒక పద్ధతి చెప్పాలి. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఉండే ఉంటుంది. మన ఇంటికి వచ్చినవాళ్లకు మనం పెట్టవచ్చు, వాళ్లు తిని పోవచ్చు. కాని ఆడపిల్ల తరఫు వాళ్లం, సంబంధం ఖాయమయ్యేదాకా అవతలి వాళ్ల చేతి మంచినీళ్లు కూడా ముట్టం. ముట్టామా, ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తరువాత నోటితో వేరే చెప్పనక్కర్లేదు. ఈ సంగతి తెలిసిందాన్ని కనక, ఆయన సంచీలోంచి జామపండ్లు తీసి, జేబులో కాగితం పొట్లంలోంచి ఉప్పుకారం చల్లి, రెండు చేతులతో నా ముందు పెట్టి "తీస్కోండ్రి అమ్మా" అనగానే వద్దండీ అన్నాను. కొంచెంసేపయ్యాక బిస్కెట్లు తీశాడు, ఉప్పటి ఆ ఉస్మానియా వాసన నా ముక్కుకు తగిలింది. వద్దన్నాను. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేదు, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, అయినా వద్దన్నాను. ఫ్లాస్కు మూత తిప్పితే పొగలు కక్కుతూ చాయ. దాన్నీ వద్దన్నాను. విచిత్రమేమిటంటే, నేను వద్దన్న ప్రతిసారీ మా మేనత్త కూడా తనకు వద్దంది. ఆమె మొహం మీద వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోతూ వచ్చింది. అది నేను చూశాను. తన పాచిక పారలేదని బాధపడుతోందనుకుని లోలోపల సంతోషించాను కూడా.

ఇక ఊరుకోలేక ఆయన్ను నిలబెట్టి అడగడం మొదలుపెట్టాను. జడ గుంజిన ఆ తల్లి నన్ను ఏమేం అడిగిందో అవన్నీ అడిగాను. ఇల్లు సొంతమా, కిరాయా? బేగంబజార్‌లో కిరాయి, తల్లితో ఉంటాడు. ఉద్యోగం పక్కానా? సేటు మంచివాడు, చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. ఇదివరకు పెళ్లయిందా? అయింది, భార్య కాన్పులో పోయింది. తాగుతారా? లేదు. బీడీ? మానేశాడు. మానేశానన్నవాళ్లు మళ్లీ మొదలుపెడతారు కదా? ఇది అడిగినప్పుడు మాత్రం ఆయన నవ్వి, మళ్లీ మొదలుపెడితే మీరే వచ్చి అడగండి అన్నాడు. నాకు మండింది. నేనెందుకొచ్చి అడుగుతాను? సిగ్గుపడి పారిపోతాడని అవమానకరంగా అడిగిన ప్రశ్నలకు ఆయన చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలాగా ఒక్కొక్కదానికీ నెమ్మదిగా జవాబు చెప్పాడు. ఇంకేమన్నా ఉన్నయా అమ్మా అని మళ్లీ అడిగాడు కూడా. ఇంత ఓపికగల మోసగాణ్ని నేను నా జన్మలో చూడలేదు.

నా సహనం చచ్చిపోయింది. మేనత్త చెయ్యి పట్టుకుని కట్ట దిగువన తుమ్మచెట్టు పక్కకు లాక్కుపోయాను. అన్నాను: "నాకేం తెల్వదనుకున్నవా అత్తమ్మా? గీ తెల్లవెంట్రుకలాయనకా నన్నిస్తరు? మా బాపంత ఈడున్నడు!"

ఆమె నన్ను అట్లాగే చూసింది. తరువాత నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నడుము వంగిపోయేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు.

"నీకు గాదే, పిచ్చిదానా" అంది.

అంతే అంది. నీకు కాదన్నదే గాని, మరెవరికో చెప్పలేదు. వెనక కట్ట మీద ఆయన మా వైపు చూడకుండా ఉండడానికి ఆ చిరిగిన పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. అప్పుడు పొద్దుటినుంచి జరిగినవన్నీ నా కళ్లముందు ఒక్కసారిగా తిరగబడ్డాయి. నీలం చీర ఎవరికోసం, దుర్భిణీ ముందు నాకెందుకిచ్చాడు, నేను అడిగినవాటికి అన్నింటికీ అంత వినయంగా ఎందుకు జవాబు చెప్పాడు. ఆయన పెళ్లికొడుకే, అక్కడ నాకు పొరపాటు లేదు. పెళ్లిచూపులు కూడా పెళ్లిచూపులే. ఆడపిల్ల తరఫు పెద్దను నేను!

మీతో దాచుకోవడం ఎందుకు, నాకు ముందు సంతోషం కలగలేదు. భయం వేసింది. ఈమె వెళ్లిపోతే పొద్దున నన్ను లేపేదెవరు, జ్వరమొస్తే తలకు తడిగుడ్డ వేసేదెవరు అన్న ఆలోచనలే వచ్చాయి. నా తల్లిని రెండోసారి పోగొట్టుకుంటున్నట్టు అనిపించింది. ఆమెకు నా మొహం చదవడం ఎప్పుడో వచ్చు. నా చెంగు సవరించి, "బాపును అడిగిన్రు. పిల్ల ఒప్పుకుంటెనే అన్నడు. నేను గూడ గదే అన్న. నువ్వు వద్దంటే మళ్ల ఈ మాట ఎత్త బిడ్డా" అంది. ఆ మాట ఆమె నిజంగానే అన్నది. నేను వద్దంటే మరుసటి రోజు మామూలుగా లేచి, గంజి చీర కట్టుకుని, నా డబ్బా సర్ది బడికి వెళ్లిపోయేది, జీవితంలో మళ్లీ ఒక్కసారి కూడా దెప్పేది కాదు. అందుకే నాకు మరీ భయమేసింది.

ఇందాకటినుంచి నేను వద్దన్న జామపండు, వద్దన్న బిస్కెట్టు, వద్దన్న చాయ ఆమెకు ఎట్లా తగిలాయో అప్పుడు తెలిసింది. నోటితో అడగలేకే కదా, నేను ఆకలికి ఆగలేక ఆయన చేతిది తింటానని పొయ్యి వెలిగించకుండా నన్ను ఉత్త కడుపుతో తీసుకొచ్చింది! కిరసనాయిలు అయిపోయిందన్న అబద్ధం ఆమె నాకు చెప్పిన అన్ని నిజాలకంటె ఎక్కువ బతిమాలుకుంది, నేనేమో స్టవ్ ఊపి చూసి అనుమానపడ్డాను.

కట్ట ఎక్కి వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. చలిగా ఉంది, జర చాయ పొయ్యండ్రి అన్నాను. ఆయనకు ఈ పద్ధతి తెలుసు. వాళ్ల ఇంట్లోనూ ఉన్నదే. మూత తిప్పే కంగారులో సగం చాయ కట్ట మీదే పోయింది. మిగిలిన సగం నేను తాగాను. జామపండు అడిగి తీసుకున్నాను, ఉప్పుకారం ఇంకొంచెం చల్లించుకున్నాను. అది చూసి మా మేనత్త వచ్చి నా పక్కన కూర్చుని బిస్కెట్ల పొట్లం ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరం ఎంత ఆకలి మీద ఉన్నామంటే మా ఇద్దరికీ సరిపోయింది గాని పాపం ఆయనకు ఏమీ మిగల్లేదు. పక్షుల్ని ఆ తరువాత చూశామో లేదో నాకు గుర్తులేదు.

ఒప్పుకున్నంత మాత్రాన నా అనుమానం ఎక్కడికి పోతుంది? తిరుగు బస్సులో ఆ ప్రశ్నలన్నీ ఈసారి నిజంగా, మొదటినుంచి మళ్లీ అడిగాను. దుర్భిణీ నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకోమన్నాడు. సోమవారం అన్నం వేళకు ఆఫీసునుంచి బయటికొచ్చి, ఆబిడ్స్ రోడ్డుకు ఇవతల ఒక చెప్పుల దుకాణం మెట్ల మీద నిలబడి, ఆ దుర్భిణీతో అవతలి కళ్లజోళ్ల దుకాణంలోకి చూశాను. ఒక ముసలమ్మకు జోడు పెట్టి చూపిస్తున్నాడు. ఆమె నచ్చలేదని తీసేస్తోంది, మళ్లీ పెడుతున్నాడు, తీసేస్తోంది, ఇంకోటి తెస్తున్నాడు. విసుగు అన్నది మొహంలో లేదు. దారినపోయే ఒక పెద్దాయన ఆగి, "క్యా దేఖ్ రహే బేటీ?" అని అడిగాడు. పిట్టను అన్నాను. ఆయన ఆకాశంలోకి చూసి, నా వైపు చూసి, తల ఆడించుకుంటూ వెళ్లిపోయాడు. నిజానికి ఆ దుర్భిణీతో నేను శ్రద్ధగా చూసిన పిట్ట ఆయనొక్కడే.

ఆ వేసవిలోనే బాపు వాళ్ల పెళ్లి జరిపించాడు. బంధువుల్లో కొందరు మూతులు తిప్పారు, కొందరు రాకపోకలు మానుకున్నారు, మానుకున్నవాళ్లే ముందు మళ్లీ వచ్చారు. మేనత్త బేగంబజార్‌కు వెళ్లిపోయింది గాని, నా డబ్బా నాంపల్లికి రావడం నా పెళ్లిదాకా ఆగలేదు; ఆయనే దుకాణానికి వెళ్తూ ఇచ్చి వెళ్లేవాడు. ప్రతి చలికాలం ఇద్దరూ గండిపేటకు వెళ్లేవాళ్లు. తరువాత్తరువాత ఆయన నిజంగానే పక్షులు నేర్చుకున్నాడు, మంచి పుస్తకాలు కూడా కొన్నాడు, అయినా బాతు కనిపిస్తే చాలు, "గీ పేజీ చింపుకున్నరు" అనేవాడు, ఆమె కొత్తగా విన్నట్టు నవ్వేది. ముందు ఆయన పోయాడు. ఆ తరువాత ఎక్కువ కాలం ఆమె కూడా ఉండలేదు. దుర్భిణీ నా అటక మీదికి చేరింది.

ఈ కథ మా ఇంట్లో ఎవరికి తెలియదు? పెళ్లిళ్లలో, పేరంటాల్లో, కరెంటు పోయిన రాత్రుల్లో నేనే ఎన్నిసార్లు చెప్పానో! మా కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ముసలి మేనత్త నోటినుంచే విని, కిరసనాయిలు దగ్గరికి రాగానే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. మా అబ్బాయి అప్పుడు పక్కనే ఉన్నాడు. వాడూ నవ్వాడు.

అటువంటి పిల్ల అటక మీద చెయ్యి పెట్టి, ఆ దుర్భిణీనే తీసి నా ఒళ్లో పెట్టి, ఆ మాటలే అన్నదంటే, దానికి అర్థం నేనెవరినో అడిగి తెలుసుకోవాలా? బండి ఎవరిదో నాకు తెలియదు. మంచివాడో కాదో తెలియదు. చూస్తాను, అడుగుతాను, ఎన్ని అడగాలో అన్నీ అడుగుతాను, అందులో అప్పుడు మా మేనత్త కూడా నన్ను ఆపలేదు. కాని రాత్రంతా నిద్ర పట్టలేదు. నా కొడుకు ఫోటోకు ఎదురుగా కూర్చుని, కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. చెరువు కట్ట కింద తుమ్మచెట్టు పక్కన వేసిన భయమే ఇప్పుడూ వేస్తోంది, పొద్దున నన్ను లేపేదెవరని. ఇన్నేళ్లు వచ్చాయి, తల నెరిసింది, భయం మాత్రం అదే.

గండిపేట ఇప్పుడు ఎట్లా ఉందో నాకు తెలియదు. చుట్టూ మేడలొచ్చాయని, పిట్టలు తగ్గాయని అంటారు. ఆబిడ్స్‌లో ఆ కళ్లజోళ్ల దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. మన కాలంలో ఒక ముద్ద తిన్నా ఒక మాటే, తినకపోయినా ఒక మాటే. నోరు తెరిచి చెప్పలేని సంగతుల్ని కంచం దగ్గర చెప్పుకుని బతికాం. ఇప్పటివాళ్లు ఒకే ప్యాకెట్‌లో నలుగురు చేతులు పెట్టి తింటారు, ఎవరు ఎవరికి ఏం ఒప్పుకున్నట్టూ కాదు. ఆ వచ్చేవాడికి ఈ పద్ధతి తెలుస్తుందన్న ఆశ నాకు లేదు, నేను చాయ అడిగితే ముసలమ్మకు చలేసిందనుకుంటాడు. అనుకోనీ. తెలియాల్సిన మనిషికి తెలిస్తే చాలు.

రేపే ఆదివారం. పొద్దున్నే కోడలికంటె ముందు లేచి, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. టిఫిన్ చేస్తానని వస్తే, గ్యాస్ అయిపోయిందమ్మా అని చెప్తాను. సిలిండర్ నిన్ననే వచ్చింది. సంతకం పెట్టి దించుకున్నది కోడలే.